క్లిక్కు బందు వెట్టిచ్చిన నాడు

పాట నేర్పుమని, స్టూడియోల ఒక ఛాన్సు ఇప్పియ్యమని ఇప్పటికి పిల్లలు నా తానకు అస్తుంటరు. నేను నేర్పేదాన్ని గాదు. నాకు సదువు రాదు, సంతకం ఒక్కటి అస్తది, అది గూడ వంకర. నేను చెప్తుంటె నా బిడ్డ రాస్తున్నది. మీకు నేర్పేతందుకు ఏం లేదు గని, ఒక్క ముచ్చట చెప్త. జగిత్యాలల ఒక రికార్డింగు సారుకు, పేరున్న ఒక పాటగత్తెకు నడుమ తొమ్మిదేండ్లు నిలవడ్డదాన్ని నేను. ఆ పనిని నా నోటితోని నేనే పోగొట్టుకున్న. పోయిందని ఏడుస్తున్ననా అంటె, లేదు.

వాళ్లిద్దరి పేర్లు చెప్ప. చెప్తె మీరు ముచ్చట ఇడిసిపెట్టి ఫోన్ల వాళ్లను ఎతుకుతరు.

మాది సిరిసిల్ల. కరెంటు మగ్గాన్ని మేం సాంచ అంటం. నా పెనిమిటి సాంచాలు నడుపుతుంటె పక్కకు కూసోని నేను కండెలకు నూలు చుడుతుంటి. ఆ చప్పుట్ల మాట ఇనవడది. ఇనవడాల్నంటె గొంతు చించుకోవాలె. ఆడోళ్లం పాటలు గూడ గట్లనే పాడుకుంటుంటిమి, సాంచ కొట్టే దెబ్బ మీద మాట ఏసుకుంట. నా గొంతు గిట్ల గరుకైంది గందుకే. పెనిమిటి ఛాతి రోగంతోని పోయిండు. నూలు దుమ్ము అని డాక్టరన్నడు, తాగుడు అని సాంచాల ఆసామి అన్నడు. ఎవ్వల మాట నమ్మాల్నో నాకు ఎరుకే.

ఆయన పోయినంక రెండేండ్లకు జగిత్యాల నుంచి ఒకాయన అచ్చిండు. కోరసు పాడేతందుకు ఆడోళ్లు గావాలెనట. సాంచాల కాడ పాడుకునేటోళ్లం ఐదుగురం బయలెల్లినం. వేములవాడల బస్సు మారి పోయినం. చెప్పుల దుకాణం మీద రెండు అర్రలు. గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టిండు, కిటికీకి బొంత కట్టిండు. రెండు అర్రల నడుమ అద్దం. అద్దానికి గావల సారు, మెషిను. గీవల మైకు, మేం. ఒక్కొక్కలకు చెవుల హెడ్‌ఫోన్లు పెట్టి, "ఇండ్ల టిక్కు టిక్కు అంటది, దాన్ని ఇడువకుంట పాడాలె" అన్నడు. దాన్ని క్లిక్కు అంటరు. గొంతు గాని, డోలకు గాని, కీబోర్డు గాని, అన్ని ఆ కొలత మీదనే పేరుస్తరు. ఒకటి జరిగితె మిగిలినయన్ని కూలుతయి.

నా ఎంబడి అచ్చిన నలుగురు ఆగమాగమైన్రు. ఒకామె పాట ముందటికి ఉరికింది. ఇంకొకామె నడుమల నిలవడి, "నా చెవుల గోడ గడియారం పెట్టిన్రు, నాతోని గాదు" అని హెడ్‌ఫోన్లు తీసి ఆయన చేతుల పెట్టింది. నాకు ఏం కష్టం గాలే. ఇరవై ఏండ్లు సాంచ పక్కకు పాడినదాన్ని, టిక్కు టిక్కంటె నాకు ఒక లెక్కనా. సారు అద్దం గావలికెల్లి, "అక్కా, నువ్వు మనిషివా, మెషినువా" అన్నడు. మెచ్చుకున్నడనే అనుకున్న.

అట్ల నాకు ట్రాకు పని దొరికింది. పేరున్నోళ్లు అచ్చేటాళ్లకు ఆ పాటను ఎవ్వలన్న ఒకలు పాడి పెట్టాలె. వాళ్లు అది ఇనుకుంట, దాని మీద పాడుతరు. వాళ్లది మంచిగ కుదిరినంక ముందుగాల పాడింది తుడిచేస్తరు. ఆ తుడిచేసే పాటనే ట్రాకు. "అక్కా, నువ్వు ఉప్పెయ్యకు. ఉప్పు పాడేటోళ్లు ఏసుకుంటరు" అని సారు ముందే చెప్పిండు. సాపుగ, సప్పగ పాడాలె. మెషిను మీద నాది నీలి రంగు గీత, పెద్దోళ్లది ఎర్ర రంగు గీత. అక్షరాలు రాకున్న ఆ రంగులు నాకు ఎరుకైనయి. ఎర్రది అచ్చిందంటె నీలిది పోతది.

కొత్త పాట మొదలువెట్టే ముందు మైకు కాడ కొబ్బరికాయ కొడుతుండ్రి. గప్పుడు సారు నాతోని, "అక్కా, జర ఛాయ్ తాగి రాపో" అంటుండె. బొట్టు లేనిదాన్ని ఎదురుంగ ఉండద్దని. తెల్వదా నాకు. పుస్తెల పాటకు ట్రాకు నాదే, గాజుల పాటకు ట్రాకు నాదే, పెండ్లిపిల్లను సాగనంపే పాటకు నాదే. మొగడు లేనిదాన్నని మైకుకు ఎన్నడు తెల్వలే. ఒకనాడు నేను ఛాయ్‌కు పోలే. ఆడనే కుర్సీ ఏసుకోని కూసున్న. కాయ మంచిగనే పలిగింది. ఇంకెన్నడు ఛాయ్‌కు పొమ్మనలే.

ఇగ పాటగత్తె సంగతి. ఆ పిల్ల సారంగాపూర్ దిక్కు పల్లెల పుట్టింది, పెండ్లై కోరుట్లకచ్చింది. నాట్ల కాడ పాడంగ ఎవ్వలో ఫోన్ల తీసిన్రు, అది చూసి సారు పిలిపిచ్చిండు. గొంతంటె గది గొంతు. మడిల పాడితె రోడ్డు మీద బస్సోళ్లు తలకాయ బయట పెట్టి చూడాలె. గని చెవుల క్లిక్కు పెట్టంగనే ఆగమైంది. పొద్దుగాల మొదలువెడితె పగటాళ్ల దాక ఒక్క చరణం గాలే.

"ఏం పోరివే నువ్వు, ఒకటి రెండు మూడు నాలుగు లెక్కవెట్ట రాదా" అని సారు తిట్టిండు.

"లెక్కవెట్టుకుంట ఎవ్వలన్న పాడుతరా సార్" అన్నది ఆ పిల్ల. అన్నది గని కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

నేను లేసి అర్రలకు పోయి ఆమె ముంగట నిలవడ్డ. చప్పుడు గాకుంట నా తొడ మీద చేయితోని దెబ్బ ఏసుడు మొదలువెట్టిన. "టిక్కు ఇనకు బిడ్డా, నా చెయ్యి చూడు" అన్న. మూడోసారికి పాట కుదిరింది.

ఆ పాట ఊరూరు తిరిగింది. పెండ్లి బరాత్‌లల్ల అదే, ట్రాక్టర్లల్ల అదే. ఆరు నెలలకు సారు నోట్లకెల్లి "పోరి" పోయి "అమ్మా" అచ్చింది. ఏడాది తిరిగేటాళ్లకు "మేడం" అచ్చింది. ఆమె మాత్రం మొదాటికెల్లి "సార్" అనే అన్నది.

ఇద్దరు ఎప్పుడు కొట్లాడుకునుడే. ఆమె పల్లెలకెల్లి ఇరవై చరణాల పాట పట్టుకస్తది, ఆయన నాలుగు ఉంచి కోస్తడు. "ఎవ్వల తల కోసిన్రు సార్ ఇయ్యాల" అని ఆమె అడుగుతది. "కొయ్యకుంటె ఇనేటోడు ఫోన్ల ఏలుతోని జరుపుతడు మేడం, నీ తల గూడ పోతది" అని ఆయన అంటడు. ఆయన చెడ్డోడని అనుకోకుండ్రి. పాట నడుమల రోడ్డు మీద "పాత ఇనుప సామాన్లు కొంటం" అని బండి మైకు మోగితె, మెట్లు దిగి ఉరికి ఆ బండాయనను హోటల్ల కూసోవెట్టి ఛాయ్ చెప్పి, మల్ల పైకి ఉరికచ్చి రికార్డు చేస్తుండె. ఆమె ఏ కాడ ఊపిరి పీలుస్తదో ఆమెకన్న ఆయనకే ఎక్కువ ఎరుక. ఆమె పాట ఆయనకు గావాలె, ఆయన మెషిను ఆమెకు గావాలె. ఒకల మీద ఒకలకు కోపం గూడ గందుకే.

ఇంకొకటి గూడ ఇద్దరికి ఎరుకే, బయట చెప్పలే. నేను ముంగట నిలవడి చెయ్యి ఎయ్యకుంటె ఆమె పాట క్లిక్కు మీద నడువది. స్టేజీల మీద డోలకాయన ఆమె ఎంబడి పోతడు గనుక ఆడ నాతోని పని లేదు. స్టూడియోల మాత్రం నేను లేంది పాట లేదు. నాకు గర్వముండె. ఎందుకుండద్దు.

పోయిన నాట్ల కాలంల ఆమె వాళ్ల అవ్వ పాట తీసుకచ్చింది, కన్నతల్లి పాట. ఇన్నేండ్లు దాసుకున్న పాట. అవ్వకు మతి పోతున్నది, మనుషులను గుర్తువడుతలేదు. "అవ్వకు చెవులు పని చేస్తున్నప్పుడే ఇది బయటకు రావాలె సార్, అవ్వ ఇనాలె" అని ఒక్కటే అడిగింది. పాడి ఫోన్ల పంపింది. అది ఇని నేను ట్రాకు పాడిన.

మోకాటి బురదల నారు నవ్వింది
నడుమొంచినా అవ్వ నవ్వు దాసింది

ఆ "నవ్వింది" కాడ ఫోన్ల ఆమె ఆగింది. దానికొక కొలత లేదు. ఒకకాడ జర, ఒకకాడ చానసేపు. ఊపిరి అందక ఆగిందేమో అనుకున్న. ఆ ఆగుడు తీసేసి టిక్కుకు సమానంగ సాపు చేసి పాడిన. నేను చేసిన తప్పు గదే, ఆ పొద్దు తెల్వలే. సారు శభాష్ అన్నడు.

రికార్డింగు నాడు ఆమె పాడుతున్నది, నేను చెయ్యి ఏస్తున్న. "నవ్వింది" కాడ ఆగింది. క్లిక్కు ముందటికి పోయింది. మల్ల మొదలువెట్టినం. మల్ల ఆడనే ఆగింది.

"మేడం, ఆడ ఆగద్దు. అక్క ట్రాకు ఇను, ఎంత సాపుగున్నదో."

"మా అవ్వ ఆడ ఆగుతది సార్."

"ఎంతసేపు ఆగుతదో చెప్పు, మెషిన్ల గంతే ఖాళీ పెడుత."

"ఎంతసేపని ఉండదు సార్. ఆగినంత సేపు."

"గదేం లెక్క?"

"లెక్క గాదు. పాట."

పగటన్నం యాళ్ల దాటింది. పదిసార్లకు పైననే అయింది. డోలకాయన మూలకు కూసోని కునుకు తీస్తున్నడు. ఆఖరికి సారుకు ఓపిక పోయింది. "తొమ్మిదేండ్ల కింద ఎట్లచ్చినవో గట్లనే ఉన్నవు. అక్క చెయ్యి లేకుంటె నీతోని ఒక్క లైను గాదు, నీకెందుకు గింత" అన్నడు.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి కుర్సీల పెట్టింది, ఇసిరి కొట్టలే. నా దిక్కు చూసింది. నేను ఏమన్న అంటనేమోనని చూసింది. నేను నోరు తెరువలే. ఆమె మెట్లు దిగి పోయింది.

జరసేపు అయినంక సారు అన్నడు, "ఆమె పోతె పాట ఆగుతదా అక్కా. నీ ట్రాకు ఉండనే ఉన్నది. రేపు రా, ఈసారి ఉప్పేసి పాడు. నీ గొంతుతోనే బయటకు తెద్దాం. పేరు గూడ నీదే ఏస్త."

ఇన్నేండ్లు ఎర్రది అచ్చుడు, నీలిది పోవుడు. ఇగ నీలిదే ఉంటదంటున్నడు. ఆశ గాలేదంటె అబద్ధం.

"వీడియోల గూడ నేనే కనవడుతనా సార్" అని అడిగిన.

ఆయన మెషిను మీద దుమ్ము తుడుసుకుంట, "వీడియోకు ఒక పిల్లను మాట్లాడుదాం అక్కా. చూసేటోళ్లకు జర..." అన్నడు.

"బొట్టున్న పిల్లను."

"నువ్వు అన్నిటికి గదే తీస్తవు."

"నేను తియ్యలే సార్. తీసినోళ్లు ఏరే ఉన్నరు" అన్న.

అన్న గని, తెల్లారి మల్ల బస్సెక్కిన. జగిత్యాలకనే ఎక్కిన. వేములవాడల దిగేటాళ్లకు పక్కకు కోరుట్ల బస్సు నిలవడి ఉన్నది. అండ్ల ఎక్కిన. నేను పాడుతున్నని ఆమె ముఖం మీద చెప్పి పాడుదామనుకున్న. దొంగతనంగ పాడుడు నాతోని గాదు.

వాళ్లింట్ల తలుపు తెరిచే ఉన్నది. ముసలవ్వ మంచం మీద కాళ్లు కిందికేసి కూసున్నది. బిడ్డ ఎనుక కూసోని తలకు నూనె పెడుతున్నది. పెట్టుకుంట గదే పాట సన్నగ పాడుతున్నది. అవ్వ గూడ పాడుతున్నది. బిడ్డ పేరు యాది లేని మనిషికి పాట యాదున్నది. నేను గడప కాడనే నిలవడ్డ.

"నవ్వింది" కాడ ఇద్దరు ఆగిన్రు. ఆగినప్పుడు అవ్వ కుడికాలు నేల ఇడిసి పైకి లేసింది, మెల్లగ ఎనుకకు పోయి మంచం కిందికి ఆనింది. గప్పుడు మల్ల పాట. ఇంకో చరణం, ఇంకోసారి ఆగుడు, ఈసారి ఎడమకాలు.

"అవ్వ కాలు ఎందుకట్ల అంటున్నది" అని అడిగిన.

పాటగత్తె నన్ను చూసి లేవలే, కోపం గూడ చెయ్యలే. "అక్కా, నువ్వు ఎన్నడన్న నాటు ఏసినవా?"

"సాంచాలోళ్లం, మాకు మడి ఏడిది."

"నాటు ఏసేటోళ్లు ఎనుకకు నడుస్తరు. ముంగట ఏసుకుంట, కాలు బురదలకెల్లి పీకి ఎనుక పెట్టుకుంట. కాలు పీకేటప్పుడు నోట్లకెల్లి పాట రాదు. బురద లోతుంటె చానసేపు, తక్కువుంటె జర. గంతే."

"మరి గీ మాట సారుకు ఎందుకు చెప్పకపోతివి?"

"నాకెరుకైతె గద. నిన్న ఇంటికచ్చి అవ్వ తోని పాడినంక అవ్వ కాలు చూసిన. నేను గూడ చిన్నప్పటికెల్లి గట్లనే చేస్తున్న, ఎందుకు చేస్తున్ననో ఎన్నడు అనుకోలే."

నేను గడప మీదనే కూసున్న. సాంచ ఆగది. నూలు తెగితెనే ఆగుతది. నాకు ఆగుడంటె తెగుడే. మనిషి బురదల కాలు పీక్కునేతందుకు గూడ ఆగుతదని నాకు ఎవ్వలు చెప్పిన్రు. తొమ్మిదేండ్లు, ఆమె ఆగిన కాడల్ల చెయ్యి ఏసి ముందటికి తోలిన. ఎన్ని పాటలల్ల ఎంతమంది కాళ్లు తుడిచేసిననో. సారు కోసిండని అందరు అంటరు. సారుకన్న ముందు కోసింది నేను.

"సారు నన్ను పాడుమన్నడు, నా పేరు మీద" అని చెప్పిన.

నూనె చెయ్యి అవ్వ తల మీదనే ఆగింది. "పాడుతవా?"

"పొద్దుగాల పాడుదామనే బస్సెక్కిన."

"ఇప్పుడు?"

"చీర మార్సుకో. జగిత్యాల పోదాం."

"నన్ను రానిస్తడా?"

"రానియ్యకుంటె నేను చూసుకుంట. నువ్వు నీ కాళ్లు తీసుకోని రా" అన్న. ఆమె ముఖం మీద నవ్వు అచ్చింది.

అవ్వను పక్కింటామెకు అప్పజెప్పి బస్సెక్కినం. మమ్ముల ఇద్దరిని చూసి సారు, "కలిసిన్రా, మంచిది. అక్కా, ముంగట నిలవడు, మొదలువెడదాం" అన్నడు.

"నేను నిలవడ సార్. క్లిక్కు బందు వెట్టుండ్రి."

"ఏంది?"

"క్లిక్కు బందు వెట్టి ఆమెను పాడనియ్యుండ్రి. డోలకాయన ఆమె ఎంబడి పోతడు. మీ మెషిను డోలకు ఎంబడి పోతది."

"అక్కా, నీకు తెల్వది. క్లిక్కు లేకుంటె ఒకకాడ తప్పు పోతె అతుకెయ్యరాదు. మొత్తం మల్ల పాడాలె. కీబోర్డు మొత్తం చేత్తోని జరుపుకుంట కూసోవాలె, ఎంత పనో ఎరుకేనా?"

"మీ పని మీరు చెయ్యాలె సార్. ఆమె పని ఆమె చేస్తున్నది గద."

"పాట కుంటుతది."

"కుంటుడు గాదు సార్. కాలు పీకుడు" అని నాట్ల సంగతి చెప్పిన. పాటగత్తె లేసి ఎనుకకు నడిచి చూపెట్టింది. సారు మొత్తం ఇన్నడు. ఇని, "ఇయ్యన్ని ఇనేటోళ్లకు ఏం తెలుస్తయి" అన్నడు.

"నాటు ఏసినోళ్లకు తెలుస్తయి."

"గసొంటోళ్లు ఎంతమందుంటరు అక్కా?"

"నాకు లెక్కలు రావు. మీరు మూడు పూటల అన్నం తింటున్నరు గద, మీరే లెక్కవెట్టుకోండ్రి" అన్న.

డోలకాయన నవ్విండు. సారు చూస్తె, నవ్వు మింగి డోలకు తాళ్లు బిగిచ్చుకున్నడు.

అప్పుడు సారు మెల్లగ అడిగిండు. బెదిరిచ్చినట్టు గాదు, నిజంగనే అడిగిండు. "క్లిక్కు వద్దంటివి. క్లిక్కు లేకుంటె ట్రాకు వద్దు, నీ చెయ్యి వద్దు. మరి నీకేం పనుంటది అక్కా ఈడ?"

గా మాట నేను బస్సుల అనుకోలే. నిజం చెప్తున్న, అనుకోలే. పాటగత్తె నా దిక్కు చూసింది. నిన్న గూడ గట్లనే చూసింది, నేను నోరు తెరువలే.

"లేకుంటె లేదు" అన్న. "ముందుగాల నాది తుడువుండ్రి, ఆ నీలిది."

"అది ఉండనియ్యి, ఆసరకుంటది. ఈమెది చెడిపోతె..."

"ఉంటె మీరు దానికే పోతరు. మీరు నాకు ఎరుకే."

"నీ పేరు మీద తెస్తనన్న గద అక్కా."

"వాళ్ల అవ్వ పాట నా పేరు మీద ఎందుకు సార్? మా సాంచాల కాడి పాట ఒక్కటన్న పాడుమని ఎన్నడన్న అడిగిన్రా?"

నేను ఆయన భుజం పక్కకు నిలవడ్డ, ఏలు బటను మీద పడేదాక జరుగలే. నీలి గీత పోయింది. అంతకుముందు ఎన్నిసార్లు తుడిచినా నన్ను అడుగలే. ఆ పొద్దు నేను అడిగి తుడిపిచ్చుకున్న.

ఆమె చెప్పులు ఇడిసి అర్రలకు పోయింది. ఇగ ఇంకో తిప్పలు. ఎనుకకు అడుగేస్తె మైకుకు దూరమైతున్నది, గొంతు సన్నవడుతున్నది. ఒకసారి చూసిండు, రెండుసార్లు చూసిండు. ఇగ లేసి అద్దం గావలికెల్లి గీవలికచ్చిండు. ఇన్నేండ్లల్ల పాట నడుస్తుంటె ఆయన గీవలికి అచ్చుడు నేను చూడలే. మైకు కర్రకెల్లి తీసి, దస్తీ చుట్టి, చేతుల పట్టుకున్నడు. ఆమె ఒక అడుగు ఎనుకకేస్తె ఆయన ఒక అడుగు ముందటికి. డోలకాయన కండ్లు ఆమె కాళ్ల మీద. "అక్కా, నువ్వు పోయి ఎర్ర బటను ఒత్తు" అన్నడు సారు. నేను ఒత్తిన.

ముందుగాల ఆయన తొందర చేసి ఆమె కాలు తొక్కిండు. "బురద లోతున్నది సార్, ఆగాలె" అన్నది. ఆగుడు నేర్సుకున్నడు. మూడోసారికి పాట అయింది. అయినంక ముగ్గురు గోడకు ఆని నిలవడి ఆయాసపడుతున్నరు. అద్దం కెల్లి చూసిన నేను, బటను బందు చేసుడు మరిచిపోయిన.

పాట బయటకచ్చింది. కింద రాసేకాడ అవ్వ పేరు రాసిన్రు. కోరుట్లల అవ్వ చెవి కాడ ఫోను పెడితె, "ఎవ్వలే పాడుతున్నది" అని అడిగిందట. "నీ బిడ్డనే" అంటె, "మంచిగ పాడుతున్నది, ఎవ్వల బిడ్డనో పాపం" అన్నదట. చెప్పుకుంట పాటగత్తె ఫోన్ల నవ్వింది, ఏడ్చింది.

ఆనాటికెల్లి సారు ఆమె పాటలన్ని గట్లనే చేస్తున్నడు. నాకు ఫోను రాలే. పని లేకుంటె ఎందుకస్తది. ఒకసారి కోరసుకు పిలిచిండు, మా సిరిసిల్ల పాటైతె అస్తనన్న. ఆలోచన చేస్తనన్నడు. చెయ్యనియ్యి. నేను మల్ల కండెలు చుడుతున్న. ఛాన్సు ఇప్పియ్యమని అచ్చే పిల్లలకు గూడ చెప్తున్న, ఎవ్వలన్న మిమ్ముల మెషిను లెక్క పాడుతున్నవని మెచ్చుకుంటె నాలెక్క మురువకుండ్రి.

ఇది రాసే ముందు నా బిడ్డ ఆ పాట పెట్టి ఇన్నది. రెండుసార్లు ఇన్నది. "నువ్వు ఏ కాడున్నవే అమ్మా ఇండ్ల, నాకు ఇనవడ్తలేవు" అన్నది.

"యాడ లేను. నేనే తుడిపిచ్చిన" అన్న. "గట్లనే రాయి."